రేఖాగణిత ఇటాలిక్ అక్షరరూపం: పుట్టుక, స్వభావం, వినియోగం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇటాలిక్ అనగానే కుడివైపునకు వాలిన అక్షరం మన మనసులో మెదులుతుంది. అయితే చరిత్రలో ఇటాలిక్‌కు వాలు ఒక లక్షణం మాత్రమే. దాని మూలం వేగంగా సాగే చేతివ్రాతలో ఉంది. 20వ శతాబ్ది తొలి భాగంలో వృత్తం, సరళరేఖ ఆధారంగా రూపొందిన రేఖాగణిత అక్షరాలు చేతివ్రాత జాడలను తొలగించడానికి ప్రయత్నించాయి. అటువంటి అక్షరానికి ఇటాలిక్ రూపం ఇవ్వవలసి వచ్చినపుడు రూపకర్తలకు మిగిలిన ఆధారం వాలు ఒక్కటే. ఈ పరిణామాన్ని పౌల్ రెన్నర్ రూపొందించిన ఫ్యూచురా, లుబాలిన్, కార్నేజ్ రూపొందించిన అవాంట్ గార్డ్ గోథిక్ అక్షరకుటుంబాల ఆధారంగా వివరించడం, దాని రూపస్వభావాన్నీ వినియోగాన్నీ విశ్లేషించడం, ఆ వెలుగులో తెలుగు అచ్చులో వాలు అక్షరాల ఔచిత్యాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఇటాలిక్, ఆబ్లిక్, రేఖాగణిత అక్షరరూపం, ఫ్యూచురా, అవాంట్ గార్డ్ గోథిక్, అవధారణార్థకం, గొలుసుకట్టు, తెలుగు ముద్రణ.

1. ఉపోద్ఘాతం:

సాహిత్య విద్యార్థులకు పాఠం మీద ఉన్నంత దృష్టి ఆ పాఠాన్ని మోసే అక్షరరూపం మీద ఉండదు. తాళపత్ర ప్రతుల విషయంలో లేఖకుని దస్తూరి, లేఖన సంప్రదాయం, వ్రాయసకాని పొరపాట్లు మనం శ్రద్ధగా పరిశీలిస్తాం. అచ్చుపుస్తకం దగ్గరకు వచ్చేసరికి అక్షరం అందరికీ ఒకటే అన్న భావన కలుగుతుంది. నిజానికి అచ్చు అక్షరానికీ ఒక దస్తూరి ఉంది. అది ఒక వ్యక్తి ఆలోచననూ ఒక కాలపు అభిరుచినీ ఒక యంత్రపు పరిమితినీ కలిపి చూపుతుంది.

ఈ అంశం మీద నాకు ఆసక్తి కలగడానికి నా సిద్ధాంతగ్రంథమే కారణం. గ్రంథనామాలన్నీ ఇటాలిక్‌లో ఉండాలన్నది సమర్పణ నియమాలలో ఒకటి. ఆ నియమం ఆంగ్ల సిద్ధాంతగ్రంథాలను దృష్టిలో ఉంచుకొని రూపొందినది. డి.టి.పి. చేసిన మిత్రుడు కావ్యనామాలనన్నింటినీ ఎంపిక చేసి, ఒక్క మీటతో వాల్చేశాడు. నియమం నెరవేరింది. కాని ముద్రిత ప్రతిలో తలకట్లు సాగిపోయి, సున్నలు కోడిగుడ్లవలె ఒరిగి, వత్తులు తమ అక్షరం కింద గాక పక్క అక్షరం కిందికి జరిగినట్లు కనిపించాయి. ఆ నియమం ఎక్కడ పుట్టింది? వాల్చడమే ఇటాలిక్ అన్న భావన ఎప్పుడు స్థిరపడింది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదికితే దారి రేఖాగణిత అక్షరరూపాల వద్దకు తీసుకొని వెళ్తుంది.

ఈ వ్యాసంలో లాటిన్ లిపిలోని నిటారు అక్షరాన్ని 'నిలువు అక్షరం' అనీ, చేతివ్రాత నుండి రూపుదిద్దుకొన్న దానిని 'ఇటాలిక్' అనీ, నిలువు అక్షరాన్నే వాల్చగా ఏర్పడిన దానిని 'ఆబ్లిక్' అనీ వ్యవహరిస్తున్నాను. వాడుకలో ఈ చివరి రెండింటికీ ఇటాలిక్ అనే పేరే చెల్లుతున్నది.

2. చేతివ్రాత నుండి అచ్చుకు:

ఇటాలిక్ జన్మస్థానం ఇటలీలోని వెనిస్ నగరం. 15వ శతాబ్దిలో ఇటలీ మానవతావాద పండితులు గ్రంథాలను వేగంగా నకలు చేసుకొనడానికి ఒక వాలు దస్తూరిని అలవరచుకొన్నారు. ఫ్లారెన్సు పండితుడు నిక్కోలో నిక్కోలి పేరు ఈ దస్తూరితో ముడిపడి ఉంది. క్రమంగా అది కార్యాలయాలలో ఉత్తరప్రత్యుత్తరాలకు వాడే వ్రాతగా స్థిరపడింది. ప్రచురణకర్త ఆల్డస్ మనూటియస్ కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో ఈ దస్తూరిని లోహపు అచ్చులుగా చెక్కాడు. 1501లో ఆల్డస్ ప్రచురించిన వర్జిల్ కావ్యసంపుటి మొత్తం ఈ అక్షరంతో వెలువడింది. చేతిలో పట్టుకొని చదువుకొనదగిన చిన్న పరిమాణపు పుస్తకాల వరుసకు అది ఆరంభం.

ఇక్కడ రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, ఆ తొలి ఇటాలిక్‌లో చిన్నబడి అక్షరాలు మాత్రమే వాలు. పెద్దబడి అక్షరాలు నిటారుగానే ఉండేవి. అంటే వాలు అప్పటికి అక్షరకుటుంబం మొత్తానికి నియమం కాలేదు. రెండవది, అది నిలువు అక్షరానికి తోడుగా పుట్టలేదు. పుస్తకాన్ని ఆద్యంతం నడిపించిన స్వతంత్రాక్షరం అది. 16వ శతాబ్దిలో ఫ్రెంచి అక్షరశిల్పుల చేతులలో, ముఖ్యంగా రాబర్ట్ గ్రాన్‌జోన్ వంటి వారి కృషితో, ఇటాలిక్ విస్తరించింది. క్రమంగా నిలువు అక్షరానికి అనుబంధంగా మారింది. గ్రంథనామాలు, అన్యభాషాపదాలు, ఊనిక గల మాటలు అనే మూడు పనులు దానికి ప్రధానంగా దక్కాయి.

ఆ పనులకు ఇటాలిక్ తగినది కావడానికి కారణం దాని నిర్మాణంలోని భేదం. నిలువు అక్షరాలలో చిన్నబడి 'ఏ'కు రెండంతస్తులు ఉంటే ఇటాలిక్‌లో ఒకే అంతస్తు. 'ఎఫ్' పాదరేఖ దాటి కిందికి దిగుతుంది. కలం కాగితం మీద దిగిన చోట, లేచిన చోట చిన్న కొసలు మిగులుతాయి. అక్షరాలు ఇరుకుగా, ఒకదానినొకటి అందుకొనబోతున్నట్లు ఉంటాయి. వాలును పూర్తిగా తొలగించినా అది ఇటాలిక్ అని పోల్చుకొనవచ్చు. డొనాల్డ్ క్నూత్ రూపొందించిన కంప్యూటర్ మోడర్న్ అక్షరకుటుంబంలో 'నిటారు ఇటాలిక్', 'వాల్చిన నిలువు అక్షరం' అనే రెండు వేర్వేరు రూపాలు ఉండడం ఈ భేదానికి చక్కని నిదర్శనం.

3. ఇటాలిక్ లేని యూరపు లిపి:

ఇటాలిక్ యూరపు మొత్తానికి సహజమైన సంప్రదాయమని భావించడం సరికాదు. జర్మనీలో 20వ శతాబ్దం వరకు విస్తృతంగా వాడుకలో ఉన్న ఫ్రాక్టూర్ లిపికి ఇటాలిక్ తోడు లేదు. ఒక మాటకు ఊనిక ఇవ్వవలసి వస్తే కంపోజిటర్లు ఆ మాటలోని అక్షరాల మధ్య ఎడం పెంచేవారు. జర్మన్‌లో ఈ పద్ధతిని 'స్పెర్‌జాట్జ్' అంటారు. అందులోనూ ఒక మర్యాద ఉంది: సంయుక్తంగా పోతపోసిన 'సిహెచ్', 'సికె', 'టిజెడ్' వంటి జంటలను విడదీయరు. అన్యభాషాపదం వస్తే దానిని లాటిన్ నిలువు అక్షరాలలో కూర్చేవారు. అంటే ఇటాలిక్ చేసే పనులను ఆ లిపి తన స్వభావానికి తగిన వేరే మార్గాలలో నెరవేర్చుకొన్నది.

రేఖాగణిత అక్షరోద్యమం ప్రధానంగా వికసించినది ఈ జర్మనీలోనే. ఫ్రాక్టూరా లాటినా అన్న వివాదం సాగుతున్న కాలంలో, ఆ రెండు లిపుల చేతివ్రాత వారసత్వాన్నీ దాటిపోవాలన్న ఆశయంతో అది ముందుకు వచ్చింది.

4. రేఖాగణిత అక్షరరూపం - ఫ్యూచురా:

కొసల అలంకారం లేని సాన్స్ సెరిఫ్ అక్షరం 19వ శతాబ్ది తొలి భాగంలోనే ఇంగ్లండులో కనిపిస్తుంది. 1816లో నాలుగవ విలియం కాస్లన్ నమూనాపుస్తకంలో చేర్చినది అటువంటి తొలి పోత అక్షరంగా ప్రసిద్ధం. అందులో పెద్దబడి అక్షరాలు మాత్రమే ఉన్నాయి. శతాబ్దమంతా ఈ తరహా అక్షరాలు ప్రకటనలకూ శీర్షికలకూ ఉపయోగపడ్డాయి.

1920లలో దీనికి సిద్ధాంతబలం తోడయింది. బౌహౌస్ కళాశాలలో హెర్బర్ట్ బేయర్ 1925లో వృత్తఖండాలతో 'యూనివర్సల్' అనే వర్ణమాలను ప్రతిపాదించాడు. యాకోబ్ ఎర్బార్ తన పేరుతోనే ఒక అక్షరరూపాన్ని, రుడాల్ఫ్ కోఖ్ 'కాబెల్'ను దాదాపు అదే కాలంలో వెలువరించారు. వీటన్నింటిలో చిరకాలం నిలిచినది పౌల్ రెన్నర్ (1878-1956) రూపొందించగా ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బావర్ పోతశాల 1927లో విడుదల చేసిన ఫ్యూచురా. రెన్నర్ బౌహౌస్ అధ్యాపకుడు కాడు. అయినా ఆ ఉద్యమపు ఆశయాలకు ఆయన అక్షరం ప్రతీకగా నిలిచింది. 1932లో నాజీల సాంస్కృతిక విధానాన్ని విమర్శిస్తూ పుస్తకం ప్రచురించినందుకు మరుసటి సంవత్సరమే ఆయన నిర్బంధానికి గురై మ్యూనిక్‌లోని తన పదవిని కోల్పోయాడు.

ఫ్యూచురాలో పెద్దబడి అక్షరాల నిష్పత్తులు ప్రాచీన రోమన్ శిలాశాసనాలవి. 'ఓ' దాదాపు వృత్తం. 'ఇ', 'ఎస్' సన్నగా సగం వెడల్పులో ఉంటాయి. చిన్నబడి అక్షరాలు చేతివ్రాత నుండి పుట్టినవి కనుక వాటిలో కలం కదలికను తొలగించడమే రెన్నర్‌కు ప్రధాన సమస్య అయింది. ఆయన తొలి చిత్రాలలో 'ఆర్' ఒక నిలువు గీత, దాని పక్కన ఒక చుక్క. విడుదల నాటికి ఇటువంటి ప్రయోగాలు చాలావరకు పక్కకు తప్పుకొన్నాయి. మిగిలిన రూపాలు చూడడానికి వృత్తలేఖినితో గీసినట్లు ఉంటాయి గాని అలా గీసినవి కావు. వంపు నిలువు గీతను కలిసే చోట గీత సన్నబడుతుంది. అలా సన్నబడకపోతే ఆ కూడలి నల్లని మచ్చగా కనిపిస్తుంది. కంటికి రేఖాగణితంగా తోచడానికి రేఖాగణితాన్ని కొంత సడలించక తప్పలేదు. ఈ సడలింపు వాలు రూపానికి మరింత ముఖ్యం.

5. వాలు గురించి ఒక వాదం:

ఫ్యూచురా రాకకు ఒక సంవత్సరం ముందు, 1926లో, ఆంగ్ల ముద్రణ పండితుడు స్టాన్లీ మారిసన్ 'ది ఫ్లూరన్' పత్రికలో ఆదర్శ ఇటాలిక్ ఎలా ఉండాలన్న విషయమై ఒక వ్యాసం ప్రకటించాడు. నిలువు అక్షరానికి తోడుగా పనిచేసే అక్షరం దానితో సామరస్యం కలిగి ఉండాలి కనుక, చేతివ్రాత ఇటాలిక్ కంటె నిలువు అక్షరాన్నే వాల్చిన రూపం ఉత్తమమని ఆయన వాదించాడు. డచ్చి రూపకర్త యాన్ వాన్ క్రింపెన్ తన 'రోములస్' అక్షరకుటుంబంలో ఆ సిద్ధాంతాన్ని ఆచరించి చూపాడు.

ప్రయోగం పుస్తకముద్రణలో నిలవలేదు. సామరస్యం ఎక్కువైన కొద్దీ భేదం తగ్గింది. భేదం కోసమే గదా ఇటాలిక్ అవసరమైనది. మారిసన్ పర్యవేక్షణలోనే ద టైమ్స్ పత్రిక కోసం 1932లో వచ్చిన టైమ్స్ న్యూ రోమన్‌కు చేతివ్రాత లక్షణాలు గల ఇటాలిక్‌నే జతచేశారు. మన విశ్వవిద్యాలయాల ఆంగ్ల సిద్ధాంతగ్రంథాలలో నిత్యం కనిపించేది ఆ ఇటాలిక్‌యే.

అయితే సెరిఫ్ అక్షరాల విషయంలో తిరస్కృతమైన ఈ ఆలోచనే రేఖాగణిత అక్షరాల విషయంలో సాధారణ నియమమయింది. అందుకు కారణం స్పష్టం. చేతి జాడ లేకుండా నిర్మించిన అక్షరానికి చేతివ్రాత ఇటాలిక్‌ను జతచేస్తే రెండూ వేర్వేరు కుటుంబాలవిగా తోస్తాయి. ఫ్యూచురాకు వచ్చిన తోడు రూపాన్ని జర్మన్‌లో 'వాలు' అనే అర్థం గల మాటతోనే వ్యవహరించడం గమనించదగినది.

6. రూపస్వభావం:

రేఖాగణిత ఆబ్లిక్ రూపలక్షణాలను మూడు కోణాలలో పరిశీలించవచ్చు.

6.1 భేదం తగ్గడం: సెరిఫ్ అక్షరాలలో రెండంతస్తుల 'ఏ' ఇటాలిక్‌లో ఒకే అంతస్తుగా మారడం పాఠకునికి తొలి సూచన. ఫ్యూచురా నిలువు రూపంలోనే 'ఏ' ఒక వృత్తం, ఒక గీత. కనుక వాలు రూపంలో మారడానికి ఏమీ మిగలలేదు. ఈ సూచన పోగా మిగిలినది కోణం మాత్రమే. ఎరిక్ గిల్ రూపొందించిన గిల్ సాన్స్‌తో పోల్చితే ఈ విషయం తేటపడుతుంది. గిల్ సాన్స్ కూడా సాన్స్ సెరిఫే. కాని దాని నిలువు రూపంలో 'ఏ'కు రెండంతస్తులు, ఇటాలిక్‌లో ఒకే అంతస్తు. ఇటాలిక్ 'పి'లో కలపు కొస స్పష్టంగా కనిపిస్తుంది. గిల్ అక్షరంలో చేయి ఇంకా ఉంది కనుక ఇటాలిక్‌కు ఆధారం దొరికింది.

6.2 వృత్తం వికృతి చెందడం: నిలువు అక్షరాన్ని యాంత్రికంగా వాల్చడమంటే అక్షరంలోని ప్రతి బిందువునూ దాని ఎత్తుకు అనుపాతంగా కుడివైపునకు జరపడం. 12 డిగ్రీల వాలు తీసుకొంటే జరుగుబాటు ఎత్తులో సుమారు 21 శాతం. నిలువు గీత దీనివల్ల 2 శాతం మాత్రమే సన్నబడుతుంది. కన్ను దానిని గుర్తించదు. అడ్డగీత మందం మారదు. వృత్తం సంగతి వేరు. అది ఈశాన్య, నైరుతి దిశలకు సాగిన దీర్ఘవృత్తమవుతుంది. లెక్కవేస్తే ఆ రెండు మూలల వద్ద గీత సుమారు 11 శాతం లావెక్కుతుంది. వాయవ్య, ఆగ్నేయ మూలల వద్ద 10 శాతం సన్నబడుతుంది. ఒకే మందం ఉండవలసిన వలయంలో లావుకూ సన్నానికీ మధ్య సుమారు 24 శాతం తేడా వస్తుంది. ఏటవాలు గీతలదీ ఇదే స్థితి. కుడికి ఒరిగిన గీత మరింత ఒరిగి సన్నబడుతుంది. ఎడమకు ఒరిగిన గీత నిటారై బలుస్తుంది. అందువల్ల 'ఏ', 'వి', 'డబ్ల్యు' వంటి పెద్దబడి అక్షరాల రెండు భుజాలు అసమంగా కనిపిస్తాయి.

సెరిఫ్ అక్షరాలలో లావు సన్నాల తేడా సహజం కనుక ఈ దోషం కొంత దాగుతుంది. రేఖాగణిత అక్షరం సౌందర్యమంతా సమానమైన గీత మీద, పరిపూర్ణ వృత్తం మీద ఆధారపడి ఉంది. దోషం మొట్టమొదట బయటపడేది అక్కడే.

6.3 దిద్దుబాటు: మంచి ఆబ్లిక్ రూపాన్ని సాధించాలంటే వంపులను తిరిగి గీయాలి. ఇందుకు అవాంట్ గార్డ్ గోథిక్ చరిత్ర మంచి ఉదాహరణ. న్యూయార్కులో 1968లో ఆరంభమైన ఒక పత్రిక శీర్షిక కోసం హెర్బ్ లుబాలిన్ గీసిన అక్షరాలను ఆయనా టామ్ కార్నేజ్ కలిసి పూర్తి అక్షరకుటుంబంగా విస్తరించగా అది 1970లో విడుదలయింది. అందులో వాలు రూపం లేదు. 1977లో స్విట్జర్లాండుకు చెందిన ఆండ్రే గూర్ట్‌లర్, క్రిస్టియన్ మెంగెల్ట్, ఎరిక్ గ్ష్విండ్ దాని ఆబ్లిక్ రూపాలను గీశారు. మూల అక్షరానికీ దాని వాలు రూపానికీ మధ్య ఏడేళ్ళ ఎడం, వేరొక రూపకర్తల బృందం. వాల్చడం ఒక్క కదలికతో ముగిసే పని కాదని ఇది తెలుపుతుంది.

7. వినియోగం:

రూపంలో వచ్చిన మార్పు వినియోగంలోనూ మార్పు తెచ్చింది. సెరిఫ్ ఇటాలిక్ పుటలో సన్నని స్వరంతో మాట్లాడుతుంది. పాఠకుడు చదువుతూ దానిని గుర్తిస్తాడు గాని పుట తెరవగానే అది కంటపడదు. రేఖాగణిత ఆబ్లిక్‌కు ఆ సున్నితమైన భేదం లేదు. సన్నని బరువులో, చిన్న పరిమాణంలో, నడుస్తున్న పాఠం మధ్య ఒక మాటను ఆబ్లిక్‌లో ఉంచితే దానిని పాఠకుడు దాటిపోయే అవకాశం ఉంది. అందువల్ల నడిచే పాఠంలో దాని పాత్ర పరిమితం. చిత్రాల కింది వివరణలు, ఉపశీర్షికలు, చిన్న ఉల్లేఖనాలు వంటి విడిగా నిలిచే భాగాలలో అది చక్కగా ఒదుగుతుంది.

లావు బరువులో, పెద్ద పరిమాణంలో దాని స్వభావం పూర్తిగా మారిపోతుంది. సమానమైన మందం గల దట్టమైన గీతలు ఒకే దిశలో ఒరిగినపుడు వాక్యం మొత్తం ముందుకు తోసుకొని వస్తున్నట్లు ఉంటుంది. వేగం, ఒత్తిడి, ఆజ్ఞ అనే భావాలకు ఇది అనువైన రూపం. క్రీడావస్తువులు, వాహనాలు, వార్తాశీర్షికలు, ప్రచారపత్రాలు దీనిని ఆదరించడంలో ఆశ్చర్యం లేదు.

ఈ శక్తిని అందరికంటె సూక్ష్మంగా గ్రహించిన కళాకారిణి అమెరికాకు చెందిన బార్బరా క్రూగర్. 1945లో జన్మించిన ఆమె మొదట మహిళల పత్రికలలో పుటల రూపకల్పన చేసింది. 1980ల నుండి ఆమె నలుపు తెలుపు ఛాయాచిత్రాల మీద ఎర్రని పట్టీలు, వాటిలో తెల్లని ఫ్యూచురా బోల్డ్ ఆబ్లిక్ అక్షరాలతో సూటిగా పాఠకుని సంబోధించే వాక్యాలు ఉంచింది. 1989లో వాషింగ్టన్‌లో జరిగిన గర్భస్రావ హక్కుల ప్రదర్శన కోసం, స్త్రీ శరీరాన్ని యుద్ధభూమిగా పేర్కొంటూ ఆమె చేసిన పోస్టరు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. వాణిజ్య ప్రకటన ఏ అక్షరంతో వినియోగదారుని ఆజ్ఞాపిస్తుందో ఆ అక్షరంతోనే ఆ ఆజ్ఞను ప్రశ్నించడం ఆమె పద్ధతి. 1994లో న్యూయార్కులో ఆరంభమైన 'సుప్రీమ్' అనే దుస్తుల సంస్థ ఎర్రని పెట్టెలో తెల్లని ఫ్యూచురా వాలు అక్షరాలతో తన ముద్రను రూపొందించుకొన్నది. ప్రకటనల నుండి ధిక్కారానికి వెళ్ళిన అక్షరం మళ్ళీ వ్యాపారానికి చేరింది. అక్షరరూపానికి స్థిరమైన భావజాలం ఉండదు. దానికి ఒక స్వరస్థాయి ఉంటుంది, ఆ స్వరాన్ని ఎవరైనా ఎత్తుకొనవచ్చు.

8. సంఖ్యగా మారిన వాలు:

1957లో వెలువడిన యూనివర్స్ అక్షరకుటుంబంలో అడ్రియన్ ఫ్రూటిగర్ పేర్లకు బదులు సంఖ్యలు వాడాడు. 55 సాధారణ నిలువు రూపమైతే 56 దాని వాలు రూపం. యూనివర్స్ రేఖాగణిత వర్గానికి చెందినది కాదు. అయినా వాలును ఒక కొలతగా చూసే దృష్టికి ఆ పట్టిక మంచి నిదర్శనం. 1986లో వచ్చిన ఆపిల్ లేజర్‌రైటర్ ప్లస్ ముద్రణయంత్రంలో అవాంట్ గార్డ్ గోథిక్ ఆబ్లిక్ రూపాలు అంతర్భాగంగా లభించాయి. ఆ విధంగా రేఖాగణిత ఆబ్లిక్ డెస్క్‌టాప్ ప్రచురణలో ఆది నుండి చోటు పొందింది.

వర్డ్ ప్రాసెసర్లలో వాలుకు ఒక మీట ఏర్పడడం తరువాతి మలుపు. అక్షరకుటుంబంలో వాలు రూపం ఉంటే మీట దానిని తెచ్చిపెడుతుంది. లేకుంటే చాలా సాఫ్ట్‌వేర్లు నిలువు అక్షరాన్నే లెక్కతో వాల్చి చూపుతాయి. చూపరికి ఈ రెండింటి భేదం తెలియదు. ఇదే మన సిద్ధాంతగ్రంథాలలో జరుగుతున్నది. 2016లో వచ్చిన ఓపెన్‌టైప్ 1.8 ప్రమాణం ఇటాలిక్‌నూ వాలునూ రెండు వేర్వేరు అక్షాలుగా నమోదు చేసింది. చరిత్రలో కలిసిపోయిన రెండు భావనలను సాంకేతికత తిరిగి విడదీసిందన్నమాట.

9. తెలుగు అచ్చులో వాలు అక్షరం:

తెలుగులో వేగంగా సాగే చేతివ్రాత లేకపోలేదు. కరణాలు, గుమాస్తాలు దస్తావేజులలో వాడిన గొలుసుకట్టు వ్రాత మనకు ఉంది. ఇటలీలో కార్యాలయాల దస్తూరి అచ్చు అక్షరమయింది. మన గొలుసుకట్టు దస్త్రాలలోనే మిగిలిపోయింది. అచ్చులో నిలువు అక్షరానికి జంటగా నిలవలేదు. కనుక చారిత్రకార్థంలో తెలుగుకు ఇటాలిక్ లేదు. నేడు విరివిగా వాడుకలో ఉన్న గౌతమి, నిర్మల యూఐ, నోటో సాన్స్ తెలుగు, మండలి, అనెక్ తెలుగు ఖతులలోనూ ప్రత్యేకంగా గీసిన వాలు రూపం లేదు. తెరమీద మనం చూసే తెలుగు వాలు అక్షరం చాలావరకు యంత్రం లెక్కవేసి వాల్చినదే.

పై 6వ భాగంలోని లెక్కలను తెలుగు అక్షరాలకు అన్వయిస్తే ఫలితం ఊహించవచ్చు. తెలుగు లిపి గుండ్రనిది. సున్న, ర, ఠ, బ, ద వంటి అక్షరాలలో వంపుదే ప్రాధాన్యం. రేఖాగణిత లాటిన్ అక్షరంలో వృత్తానికి కలిగే వికృతే వీటికీ కలుగుతుంది. తలకట్టులో కుడికి లేచే పొడుగుగీత మరింత ఒరిగి సన్నబడుతుంది; ఎడమ పొట్టిగీత నిటారై బలుస్తుంది. తెలుగు అక్షరం పైన గుడి, కింద వత్తుతో లాటిన్ చిన్నబడి అక్షరం కంటె ఎక్కువ ఎత్తును ఆక్రమిస్తుంది. జరుగుబాటు ఎత్తును బట్టి పెరుగుతుంది కనుక గుడి కుడికి, వత్తు ఎడమకు తొలగి, 'స్త్రీ' వంటి అక్షరం మీది నుండి కిందికి ఒక నిట్రాటగా నిలిచే గుణాన్ని కోల్పోతుంది.

ఇంతకీ తెలుగుకు వాలు అవసరమా అన్నది అసలు ప్రశ్న. ఇటాలిక్ చేసే మూడు పనులను ఒక్కొక్కటిగా చూద్దాం. ఊనికను తెలుగు వ్యాకరణమే చూపుతుంది. ఆంగ్ల రచయిత ఒక సర్వనామాన్ని ఇటాలిక్‌లో ఉంచి సాధించే భావాన్ని మనం 'నేనే వెళ్ళాను', 'నిన్ననే వెళ్ళాను', 'వెళ్ళనే వెళ్ళాను' అని అవధారణార్థక ఏకారంతో సాధిస్తాం. పదక్రమాన్ని మార్చుకొనే స్వేచ్ఛ దానికి అదనం. అన్యభాషాపదం లాటిన్ లిపిలో ఉంటే ఆ లిపిభేదమే గుర్తు. తెలుగు లిపిలోకి వచ్చిందంటే మన విభక్తులు చేరి అది మన వాక్యంలో కలిసిపోయినట్లే. మిగిలినది గ్రంథనామం. దానికి ఉద్ధరణచిహ్నాలు మన అచ్చులో చిరపరిచితం. వాటికి తోడు ఫ్రాక్టూర్ కంపోజిటర్ల వలె అక్షరాల మధ్య ఎడం పెంచే మార్గం కూడా ఉంది. దేవనాగరిలో వలె తలగీత అక్షరాలను కలిపి ఉంచదు కనుక తెలుగులో ఇది సాధ్యం. సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదన్న మర్యాద అక్కడి వలె ఇక్కడా వర్తిస్తుంది.

వాలు తెలుగుకు నిషిద్ధమని దీని భావం కాదు. సినిమా ప్రకటనలు, గోడవ్రాతలు, బస్సుల మీది పేర్లు వ్రాసే చిత్రకారులు తెలుగు అక్షరాన్ని కుంచెతో అందంగా వాల్చారు. వారు ప్రతి వంపునూ చేతితో దిద్దుకొన్నారు. అవాంట్ గార్డ్‌కు స్విస్ బృందం చేసిన పని అటువంటిదే. తెలుగు ఖతి రూపకర్తలు అటువంటి శ్రమతో వాలు రూపాలను గీస్తే శీర్షికలకు, ప్రకటనలకు అవి తప్పక ఉపయోగపడతాయి. పరిశోధనవ్యాసంలో గ్రంథనామం కోసం మీట నొక్కడం వేరే విషయం.

10. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ఇటాలిక్ చేతివ్రాత నుండి పుట్టిన నిర్మాణభేదం. వాలు దానిలో ఒక లక్షణం మాత్రమే.

2. రేఖాగణిత అక్షరరూపాలు చేతివ్రాత జాడను తొలగించడం వల్ల వాటి ఇటాలిక్‌కు వాలు ఒక్కటే ఆధారమయింది. వాల్చడమే ఇటాలిక్ అన్న నేటి భావన బలపడడంలో వీటికి ముఖ్యపాత్ర ఉంది.

3. యాంత్రికమైన వాలు వృత్తాన్నీ సమానమైన గీతనూ దెబ్బతీస్తుంది. దిద్దుబాటు లేని ఆబ్లిక్ అసంపూర్ణం.

4. రేఖాగణిత ఆబ్లిక్ నడిచే పాఠంలో బలహీనం. లావు బరువులో, పెద్ద పరిమాణంలో బలమైన స్వరం. బార్బరా క్రూగర్ రచనలు అందుకు నిదర్శనం.

5. ఇటాలిక్ చేసే పనులకు తెలుగులో అవధారణార్థకం, లిపిభేదం, ఉద్ధరణచిహ్నం వంటి సాధనాలు ఇప్పటికే ఉన్నాయి.

తెలుగు శాఖలు సిద్ధాంతగ్రంథాల రూపనియమాలను సవరించే సందర్భంలో ఈ ఐదవ అంశాన్ని పరిగణించవలసి ఉంది. ఆంగ్ల నియమావళిలో ఇటాలిక్ అన్న చోట తెలుగు గ్రంథాలకు ఉద్ధరణచిహ్నం అని ఒక్క మాట చేర్చితే చాలు. పరిశోధకుడు ఏళ్ళ తరబడి చదివిన కావ్యం పేరు అతని గ్రంథంలో వంకర పోకుండా నిలుస్తుంది.